కాలువ మీద పన్నెండు మోటార్లు

రెండు వేల ఇరవై ఐదు, వేసవి పంట. శివరాత్రి వెళ్లిన వారానికి మా రెండు చెరువుల్లోనూ సీడ్ వేశాం. సీడ్ అంటే గింజలు కాదండి, హేచరీ నుంచి ప్లాస్టిక్ సంచుల్లో వచ్చే రొయ్య పిల్లలు. కనురెప్ప వెంట్రుకంత ఉంటాయి. రేపల్లె దాటి సముద్రం వైపు వెళ్తుంటే ఊళ్లు అయిపోయి కరెంటు స్తంభాలు మాత్రమే మిగిలే చోటు ఒకటి వస్తుంది. అక్కడ ఉండేవి మా చెరువులు. రెండింటికీ మధ్య గట్టు మీద రేకుల షెడ్డు. ఆ షెడ్డులో పదిహేడేళ్లు ఉన్నాను. పదమూడేళ్లు మా ఆయనతో, తర్వాత నాలుగేళ్లు ఒక్కదాన్నే.

నా పేరు నాగేంద్రమ్మ. ఐదో తరగతితో బడి మానేశాను. రాయడం కూడబలుక్కుని రాస్తాను గానీ, జరిగింది మాత్రం నాకు తేదీలతో సహా గుర్తుంటుంది. రొయ్యల చెరువు మీద పనేంటని అడిగేవాళ్ల కోసం ముందు అది చెబుతాను.

రోజుకి నాలుగు సార్లు మేత వేయాలి. వేసిన ప్రతిసారీ చెక్ ట్రే చూడాలి. చెక్ ట్రే అంటే అంచులున్న వల పళ్లెం. గుప్పెడు మేత వేసి దాన్ని నీళ్లలోకి దించి, రెండు గంటలాగి పైకి లాగితే మేత తిన్నాయా, వదిలేశాయా తెలుస్తుంది. నాలుగు రొయ్యల్ని అరచేతిలో వేసుకుని వెలుతురుకి పెడితే వీపు మీద పేగు కనబడుతుంది. నిండుగా నల్లగా ఉంటే బాగున్నట్టు. తెల్లగానో, తెగి తెగి ఉంటేనో ఆ పూట మనకీ అన్నం సయించదు. ఏరేటర్లని నీళ్లు చిలికే చక్రాలుంటాయి, వాటి చప్పుడు వినాలి. ఒకటి ఆగినా నిద్రలో కూడా మెలకువ వచ్చేస్తుంది. ఇక పక్షులు. చెరువులో ఏదైనా తేడా వస్తే రొయ్య అంచులకి వస్తుంది. మనుషులకంటే ముందు కాకులకీ కొంగలకీ తెలుస్తుంది అది.

ఈ పనిలో కష్టం ఒళ్లు నొప్పులు కాదు, మాట లేకపోవడం. మేత వ్యాను వారానికోసారి వచ్చేది. డ్రైవరు బస్తాలు దించి, "ఏం వదినా, బాగున్నావా" అని వెళ్లిపోయేవాడు. ఆ ముక్క కోసం పొద్దున్నే తల దువ్వుకుని కూర్చున్న రోజులున్నాయి. మా ఆయన ఉన్నన్నాళ్లూ ఈయనెంత వాగుతాడో అనుకునేదాన్ని. పోయాక అర్థమైంది, మాట్లాడిందంతా ఆయనేనని, నేను వినడమే నేర్చుకున్నానని.

మా యజమాని సాంబశివరావుగారు తెనాలిలో ఉంటారు. మంచి మనిషి. అప్పటికే రెండు పంటలు వరసగా జబ్బొచ్చి పోయాయి. సీడ్ వేసిన రోజు గట్టు మీద నిలబడి, "నాగేంద్రం, ఇది కూడా పోతే లీజు వదిలేస్తానమ్మా. ఇక నావల్ల కాదు" అన్నారు. ఆయనకది లీజు. నాకు షెడ్డు. గోడకి మా ఆయన కొట్టిన మేకులున్నాయి, ఏ మేకుకి ఏది తగిలించాలో కళ్లు మూసుకుని చెప్పగలను. అమృతలూరులో మా చెల్లెలుంది, పోతే కాదనదు. కానీ దాని ఇంట్లో నేను చుట్టాన్నే కదా.

షాహీన్ అనే అమ్మాయిని మా గట్టు మీదికి తీసుకొచ్చింది కూడా మా యజమానే. వాళ్ల నాన్న తెనాలిలో సాంబశివరావుగారి ఇంటిదగ్గరే బట్టలు కుడతాడట. ఆ అమ్మాయి బాపట్లలో ఇంజనీరింగ్ చదివి, హైదరాబాదులో మూడేళ్లు ఉద్యోగం చేసి, మానేసి వచ్చేసింది. స్టార్టప్ పెడుతున్నానంది. స్టార్టప్ అంటే ఎవరూ చేయని పనేదో వెతికి పట్టుకుని కొత్తగా పెట్టే చిన్న కంపెనీ అట.

"ఎంతమంది ఉన్నారమ్మా కంపెనీలో?" అని అడిగాను.

"నేనూ, ఇదీ" అని ల్యాప్‌టాప్ మీద తట్టి చూపించింది.

నాకు నవ్వొచ్చింది. మళ్లీ అంతలోనే, నేనూ ఏరేటర్లూ గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

పొద్దున్నే తెనాలిలో రైలెక్కి, రేపల్లెలో దిగి, ఆటోలో వచ్చేది. సాయంత్రం వెళ్లిపోయేది. రొయ్యల రైతుల కోసం ఫోన్లో వాడుకునే యాప్ చేస్తానంది. నేను ట్రే లాగుతుంటే పక్కన కూర్చుని అడిగేది, రాసుకునేది. తర్వాత షెడ్డు నీడన కూర్చుని ల్యాప్‌టాప్‌తో మాట్లాడేది. నిజంగానే మాట్లాడేదండి, తెలుగులో. "మేత వేసే టైముకి గుర్తు చేసేలా ఒకటి చెయ్యి" అంటే అది చేసి పెట్టేసేది. ఏఐ అంటే అదేనట. ఇదివరకు పదిమంది కూర్చుని నెలల తరబడి రాసే పనిని అది మధ్యాహ్నం భోజనం అయ్యేలోపు రాసేస్తుందట. నేను ఆశ్చర్యపోయాను. మూడో రోజుకే నా ఫోన్లో యాప్ వచ్చేసింది. తెర మీద ఒక గడి. నొక్కితే మేత లెక్క.

నాలుగో రోజుకి మూడు గడులయ్యాయి. వాన కబురు ఒకటి, మార్కెట్ ధర ఒకటి. ఆ తర్వాత వారం సీడ్ అమ్మేవాళ్ల జాబితా, మందుల షాపులు, రైతులు ఒకరితో ఒకరు మాట్లాడుకునే చోటు. ఆ తర్వాత రొయ్యని ఫోటో తీస్తే జబ్బేదో చెప్పే గడి. ప్రతి రోజూ రైలు దిగి వచ్చేటప్పటికి ఆ అమ్మాయి మొహంలో ఒక కొత్త గడి కనిపించేది. నెల తిరిగేసరికి పద్నాలుగు. నేను ఒక్కొక్కటీ వేలు పెట్టి లెక్కపెట్టాను.

"ఇన్నిట్లో నేనేది నొక్కాలే?" అని అడిగాను.

"ఏది కావాలంటే అది పిన్నీ. అన్నీ ఒకచోటే. డబ్బు పెట్టేవాళ్లు నీ విజన్ ఏంటి అని అడుగుతారు. రైతుకి సర్వం ఒకే చోట అని రాశాను."

విజన్ అంటే ఏంటని అడిగాను. ఎటు పోవాలనుకుంటున్నామో ముందే కళ్లకి కట్టినట్టు కనబడటం అని చెప్పింది. నాకు అర్థమైనట్టే ఉంది, కానట్టే ఉంది. సర్వం ఎలా కనబడుతుంది కళ్లకి? పెద్దగా చదువుకున్న పిల్ల, నేనేం చెబుతానని ఊరుకున్నాను. ఇంకోటి కూడా ఉందండి, దాచడం ఎందుకు. ఆ అమ్మాయి వస్తున్నంత కాలం నాకు మాట దొరికింది. తప్పు చెబితే రావడం మానేస్తుందేమోనని భయం.

మా కాలువ గురించి ఇక్కడ చెప్పాలి. సముద్రపు పోటుకి ఎక్కి, పాటుకి దిగే కాలువ అది. దాని మీద పన్నెండు చోట్ల మోటార్లున్నాయి, మాది ఒక చోటు, చెరువుకొకటి చొప్పున రెండు మోటార్లు. అందరూ నీళ్లు తోడుకునేది అందులోంచే, చెరువు నీళ్లు వదిలేదీ అందులోకే. పైవాడు వదిలింది కిందివాడు తోడుకుంటాడు. ఒక చెరువులో వైట్ స్పాట్ వచ్చిందనుకోండి, అంటే రొయ్య తల చిప్ప మీద బియ్యప్పిండి చల్లినట్టు తెల్ల మచ్చలొచ్చే జబ్బు, వారంలో చెరువంతా పోతుంది. దానికి మందు లేదు. బ్లీచింగ్ వేసి, నీళ్లని ఆపి ఉంచి తర్వాత వదలాలి. అంత ఓపిక అందరికీ ఉండదు.

ఇంకో సంగతి. మా చెరువుల మీద జబ్బు అనే మాట నోటితో అనరు. "చెరువు అలిగింది" అంటారు, అదీ ఇంట్లోవాళ్లతోనే. బయటికి పొక్కితే కొనేవాళ్లు ధర కొట్టేస్తారు, మేత అరువు ఆగిపోతుంది, పక్క గట్టువాళ్లు పలకరించడం మానేస్తారు. అందుకని రేపు పట్టేసుకోవాల్సిన చెరువుని కూడా ఇవాళ బాగుందనే చెబుతారు. ఇది అందరికీ తెలుసు. అందరికీ తెలుసు కాబట్టే ఎవరూ ఎవర్నీ అడగరు.

షాహీన్‌కి తెలియదు. నేను చెప్పలేదు. అడక్కపోతే ఇలాంటివి చెప్పాలని కూడా తోచదండి, ఊపిరి పీలుస్తున్నామని ఎవరికైనా చెబుతామా?

పద్నాలుగో గడి మ్యాపు. కాలువ మీద చెరువులన్నీ బొమ్మగా వస్తాయి. ఎవరి చెరువు స్థితి వాళ్లు పెట్టుకోవాలి. బాగుంటే ఆకుపచ్చ, అనుమానం ఉంటే పసుపు, జబ్బయితే ఎరుపు. ఆ అమ్మాయి గట్టు గట్టుకీ తిరిగి పన్నెండు చోట్లా ఫోన్లలో ఎక్కించి వచ్చింది. అందరూ ఆకుపచ్చ పెట్టారు. మర్నాడూ ఆకుపచ్చే. పై చెరువు కోటయ్యకి ఆ యాప్ మంచి కాలక్షేపం. ఫోటో తీస్తే జబ్బు చెబుతుందన్నారు కదా అని పొద్దున్న టిఫిన్ ప్లేటులో ఇడ్లీని ఫోటో తీశాడు. వైట్ స్పాట్ అనుమానం ఉంది, ల్యాబ్‌లో చూపించండి అని వచ్చింది. "వదినా, మా ఆవిడ ఇడ్లీకి జబ్బు చేసిందంటే నమ్మదే" అని గట్లన్నీ తిరిగి చూపించాడు. షాహీన్ కూడా నవ్వింది. ఆ సాయంత్రమే కూర్చుని, ఇడ్లీకీ రొయ్యకీ తేడా చెప్పమని ల్యాప్‌టాప్‌కి నేర్పింది. రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ ఏ రైతు కోసమో నాకు తెలియలేదు.

ఏప్రిల్ నెలాఖరు. ఎండలకి చెరువు నీళ్లు జానెడు తగ్గాయి. మధ్యలో రెండు రోజులు మబ్బు పట్టి చినుకులు పడ్డాయి. ఆ రెండో రోజున కోటయ్య చెరువు మీద పక్షులు కనిపించాయి. పదీ ఇరవై కాదు, గట్టు తెల్లబడింది కొంగలతో.

గట్టు మీద ఎదురుపడితే అడిగాను. "ఏంటి కోటయ్యా, పక్షులు మూగాయి?"

నా మొహం చూడకుండానే, "నా చెరువు పచ్చగా ఉంది వదినా. ఫోన్లో చూసుకో" అన్నాడు.

మర్నాడు పొద్దున సాంబశివరావుగారు ఫోన్ చేశారు. పోటు వస్తోంది, రెండు చెరువులకీ నీళ్లు పెట్టమన్నారు. పక్షుల సంగతి చెప్పాను.

"ఎక్కడికక్కడ అందరిదీ ఆకుపచ్చే ఉందమ్మా, ఇప్పుడే చూశాను. షాహీన్ అంత కష్టపడి చేసింది ఎందుకు? పక్షుల్ని చూసి వ్యవసాయం చేసే రోజులు పోయాయి. పెట్టు."

పదిహేడేళ్లలో ఆయన మాట కాదన్నది లేదు. మోటారు వేశాను. మొదటి చెరువుకి పెట్టాను. నీళ్లు పడుతుంటే చూస్తూ నిలబడ్డాను, కోటయ్య గట్టు మీద కొంగలు అలాగే ఉన్నాయి. రెండో చెరువు దగ్గరికొచ్చి మోటారు వేయలేదు. సాంబశివరావుగారికి ఫోన్ చేసి, రెండో మోటారుకి ఫుట్ వాల్వు పట్టేసిందండీ అని అబద్ధం చెప్పాను. ఫుట్ వాల్వు అంటే పైపు అడుగున నీళ్లని పట్టి ఉంచే మూత. అది పట్టేస్తే బాగుచేసే మనిషి రావడానికి రెండు రోజులు పడుతుంది.

ఆరో రోజు మొదటి చెరువు ట్రే లాగితే మేత మేతగానే ఉంది. ఒక రొయ్యని తీసి తల చిప్ప ఊడదీసి వెలుతురుకి పెట్టాను. బియ్యప్పిండి.

ఆ చెరువు మొత్తం పోయింది. వేలెడు కూడా లేని రొయ్య, ఎవరూ కొనరు. బ్లీచింగ్ పోయించి మూసేశాం. సాంబశివరావుగారు వచ్చి ఆ చెరువు చుట్టూ గట్టంతా తిరిగారు. నేను ఉండబట్టలేక ఫుట్ వాల్వు సంగతి చెప్పేశాను. తిడతారనుకున్నాను.

"ఆ అబద్ధమేదో రెండిటికీ చెప్పి ఉండాల్సింది కదమ్మా" అన్నారు.

షాహీన్ నాలుగు రోజులు రాలేదు. ఫోన్ ఎత్తలేదు. ఐదో రోజు వచ్చింది, ల్యాప్‌టాప్ లేకుండా. ఖాళీ చెరువు గట్టున కూర్చుంది. అన్నం పెడితే కెలికి వదిలేసింది.

"నా మ్యాపు చూసే కదా పెట్టమన్నారు" అంది. "జనం అబద్ధం పెడతారని నాకెందుకు తట్టలేదు పిన్నీ?"

"నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు" అన్నాను. అని, జబ్బు మాట ఎవరూ ఎందుకు అనరో అప్పుడు చెప్పాను. విన్నాక ఇంకా కుంగిపోయింది.

"అయితే ఇక్కడ ఏదీ పనికిరాదు. ఇల్లు వదిలేసి, ఉద్యోగం వదిలేసి, ఆరు నెలల నుంచి ఒక్క మనిషితో మనసు విప్పి మాట్లాడలేదు తెలుసా? ఏం తోచినా ఆ ఏఐకే చెప్పేదాన్ని. ఏం చెప్పినా బాగుందనేది. ఇది కూడా కలపనా, అది కూడా కలపనా అనేది. నేను ఊ అనేదాన్ని."

"అది ఎవరి కోసమని అడగదా?"

"అడగదు పిన్నీ. నేను చెప్పాలి."

మళ్లీ తనే అడిగింది. "సరే. నీకేం కావాలి? యాప్ సంగతి వదిలెయ్. ఆ రోజు మోటారు దగ్గర నిలబడ్డావు చూడు, అప్పుడు నీకేం తెలిస్తే బాగుండేది?"

రెండు నెలల్లో ఆ అమ్మాయి నన్ను అలా అడగడం అదే మొదటిసారి. నేను ఆలోచించక్కర్లేకపోయింది. "ఈ పూట నీళ్లు తోడొచ్చా, కూడదా. అంతే. ఎవరి చెరువు ఎలా ఉందో నాకెందుకు?"

అలా అన్నాకే మా ఆయన కాలం నాటి పద్ధతి గుర్తొచ్చింది. అందరి చేతుల్లో ఫోన్లు లేని రోజుల్లో, చెరువు నీళ్లు వదలాల్సినవాడు తెల్లారకముందే వెళ్లి కాలువ మొదటి కల్వర్టు దగ్గర కర్రకి గోనెసంచి కట్టి వచ్చేవాడు. గోనె కనిపిస్తే ఆ రోజు ఎవరూ తోడరు. ఎవరు కట్టారని ఎవరూ అడగరు. జబ్బుకే కట్టారో, ఊరికే నీళ్లు మార్చడానికి కట్టారో, అదీ అడగరు. తర్వాత తర్వాత లీజుకి బయటి ఊళ్లవాళ్లు వచ్చారు, కల్వర్టు వైపు రాకుండా బండ్ల మీద వేరే దారిన వెళ్లడం మొదలైంది, గోనె పోయింది.

షాహీన్ నా చెయ్యి పట్టుకుని మళ్లీ చెప్పించుకుంది. ఎవరు కడతారు, ఏ టైముకి, ఎంతసేపు ఉంచుతారు, ఎవరు విప్పుతారు. రెండు సార్లు చెప్పించుకుంది. ఆ సాయంత్రం రైలు తప్పిపోతుందని నేనే తరిమాను.

మర్నాడు ల్యాప్‌టాప్ తెచ్చి నా పక్కన కూర్చుని పద్నాలుగు గడులూ తీసేసింది. ఒక్కొక్కటీ తీస్తుంటే నాకే ప్రాణం ఉసూరుమంది. ధర గడి ఉంచమన్నాను, బాగుంటుంది కదా అని. "వద్దు పిన్నీ. ధర చూడ్డానికి తెరిచినవాడు ఇది చూడడు" అంది. మిగిలింది ఒక్కటే బొత్తాం, తెరంతా అదే, దాని మీద గోనెసంచి బొమ్మ. నీళ్లు వదిలేవాడు అది నొక్కాలి. నొక్కితే కాలువ మీద మిగతా ఫోన్లన్నీ లారీ హారన్‌లా మోగుతాయి. చేతికి బురద ఉంటుంది కాబట్టి తెర చూడక్కర్లేకుండా మోత సరిపోవాలి, అది నేను చెప్పింది. పేరు రాదు, చెరువు రాదు, జబ్బు మాటే లేదు. ఒక రోజు గడిస్తే దానంతట అదే పోతుంది.

ఇంత చిన్న పనికి రెండు రోజులు పట్టిందండి. ఆ పద్నాలుగు గడుల్లో ఏ ఒక్కదానికీ పట్టనంత. ఎందుకంటే ల్యాప్‌టాప్ ప్రతి మెట్టులోనూ ఇంకేదో కలపనా అని అడిగేది. నొక్కినవారి వివరాలు దాచనా అంది. వద్దంది షాహీన్. ఎన్నిసార్లు నొక్కారో చూపించనా అంది. వద్దంది. కారణం రాసే చోటు పెట్టనా అంది. నేను కూడా పక్కనుంచి "వద్దని చెప్పవే" అనేదాన్ని. వద్దు, వద్దు అని ఆ యంత్రంతో ఇద్దరం కలిసి పోట్లాడిన ఆ రెండు రోజులే ఆ వేసవిలో నేను సంతోషంగా ఉన్న రోజులు.

పన్నెండు ఫోన్లలోనూ మళ్లీ ఎక్కించింది. కోటయ్య మాత్రం, "ఈసారి ఇడ్లీ ఫోటో లేదా అమ్మాయ్" అన్నాడు గానీ, గోనె బొమ్మ చూసి ఎగతాళి ఆపేశాడు. "మా నాన్న కట్టేవాడు ఇది" అన్నాడు.

తర్వాత ఎవరూ నొక్కలేదు. ఒక రోజు కాదు, పందొమ్మిది రోజులు. షాహీన్ బాపట్ల వైపు ఇంకో కాలువ చూడాలని వెళ్లిపోయింది, సాయంత్రాలు ఫోన్ చేసేది. "మోగిందా పిన్నీ?" "లేదమ్మా." కాలువ మీద నీళ్లు వదలకుండా ఎవరూ ఉండరు. వదులుతున్నారు, నొక్కట్లేదు, అంతే. మొదట నొక్కేవాడు తనే అవడం ఎవరికీ ఇష్టం లేదు. వాళ్ల నాన్న మళ్లీ ఉద్యోగం చూసుకోమంటున్నాడని ఒకసారి చెప్పింది. ఆ మాట చెప్పి, మోగిందా అని మళ్లీ అడిగింది. లేదని నేనూ మళ్లీ చెప్పాను.

ఇరవయ్యో రోజు మధ్యాహ్నం రెండో చెరువు ట్రే లాగితే మేత మిగిలింది. నీళ్లు పెట్టకుండా దాన్ని కాపాడుకున్నాననుకున్నాను. పోయిన చెరువులోంచి కాకి ఎత్తుకొచ్చి పడేసిందో, ఇంకెలా వచ్చిందో. రొయ్య మూడొంతులు ఎదిగి ఉంది. సాంబశివరావుగారికి చెబితే, ఆయన గొంతులో కోపం కూడా లేదు. ఉన్నది ఉన్నట్టు రేపే పట్టేద్దాం, ఎంతొస్తే అంత, దాంతో లెక్క తేల్చుకుని లీజు ఇచ్చేస్తాను అన్నారు. నీ సామాను సంగతి చూసుకో అమ్మా అని కూడా అన్నారు, మెల్లగా.

మర్నాడు పొద్దున పట్టుబడివాళ్లు, అంటే వల లాగి రొయ్య పట్టేవాళ్లు వచ్చారు, ఐసు లారీ వచ్చింది. నీళ్లు తీస్తేనే పట్టుబడి, బ్లీచింగ్ వేసి ఆపుకునే వ్యవధి లేదు. అప్పుడే పోటు ఎక్కుతోంది. కాలువ పొడవునా మోటార్లు మొదలయ్యాయి. చెవితో లెక్కపెట్టగలను నేను, ఏది ఎవరిదో. కోటయ్యది డీజిల్ ఇంజను, దగ్గినట్టు ఆడుతుంది. పాత పంట పోయాక వాడు కొత్త సీడ్ వేసుకుని అప్పటికి నెల కూడా కాలేదు.

ఫోన్ చేతిలో పట్టుకుని తూము దగ్గర నిలబడ్డాను. అబద్ధం ఎందుకు, ఒక ఆలోచన వచ్చింది. వాడు నాకేం చెప్పాడని నేను చెప్పాలి? నా చెరువు పచ్చగానే ఉందనుకోనీ. షెడ్డు పోతోంది, మేకులు పోతున్నాయి, రేపటి నుంచి ఈ కాలువతో నాకేం పని? పట్టుబడివాళ్లలో పెద్దాయన తూము ఎత్తమంటారా అని రెండోసారి అడిగాడు. ఆగమన్నాను.

ఆ రోజు మోటారు దగ్గర ఎటూ తోచక నిలబడ్డాను చూశారూ, అదే గుర్తొచ్చింది. అవతల పదకొండు చోట్ల అలా ఎవరో నిలబడి ఉన్నారు, వాళ్లకి తెలియడం లేదు. చీర కొంగుకి వేలు తుడుచుకుని నొక్కాను.

ఎక్కడెక్కడో దూరంగా హారన్లు మోగాయి, గాలిలో సన్నగా. ఏమీ జరగలేదు. మోటార్లు ఆడుతూనే ఉన్నాయి. నొక్కింది తప్పో, వినబడలేదో అనుకున్నాను. అప్పుడు కింద చివరి చెరువుది ఆగింది. తర్వాత దాని పక్కది. తర్వాత ఒకేసారి రెండు. పై నుంచి ఒకటి. నేను కళ్లు మూసుకుని వింటున్నాను. ఒక్కొక్కటీ ఆగుతుంటే ఎవరో ఒక్కొక్కరే "ఊ, విన్నాం" అన్నట్టుంది. నాలుగేళ్లుగా ఆ గట్టు మీద షాహీన్ తప్ప నేను ఏమన్నా తిరిగి పలికినవాళ్లు లేరండి. కోటయ్య ఇంజను అన్నిటికంటే ఆఖర్న, దగ్గి దగ్గి ఆగింది. పోటు వేళ అంత నిశ్శబ్దం పదిహేడేళ్లలో ఎప్పుడూ వినలేదు. తూము ఎత్తమన్నాను.

పట్టుబడి సగంలో ఉండగా షాహీన్ ఫోన్ చేసింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "పిన్నీ, ఎవరో నొక్కారంట, కింది చెరువువాళ్లు ఫోన్ చేశారు. మీ కాలువ మీదే. మోగిందా నీకు?"

నొక్కిన ఫోన్ మోగదు. ఆ అమ్మాయే అలా చేసింది. నాది మోగలేదంటే నొక్కింది నేనేనని తెలిసిపోతుంది.

"మోగిందమ్మా" అన్నాను. "అందరూ ఆపేశారు."

చెరువు పోయిన సంగతి చెబితే ఆ గొంతు మారిపోతుంది. తర్వాత చెప్పొచ్చులే అనుకున్నాను. తర్వాత వారంలో ఇంకో రెండుసార్లు మోగింది. వానాకాలానికి కాలువ మీద అదే అలవాటైపోయింది. మిగతా చెరువులవాళ్లకి ఆ పంట దక్కింది, కోటయ్యకి కూడా. నేను షెడ్డు ఖాళీ చేశాకే చెరువు పోయిన సంగతి షాహీన్‌కి తెలిసింది, రేకులు ఊడదీస్తుంటే వచ్చి చాలా బాధపడింది. నొక్కింది నేనేనని మాత్రం ఇప్పటికీ చెప్పలేదు. ఎవరు కట్టారని అడగకూడదు కదా, అందుకని తనూ అడగలేదు. ఇది చదివితే తెలుస్తుంది.

ఇప్పుడు బాపట్ల వైపు వేరే వాళ్ల చెరువు మీద ఉన్నాను. షాహీన్ ఉద్యోగానికి పోలేదు, ఒక్కో కాలువా పట్టుకుని అదే బొత్తాం ఎక్కిస్తూ తిరుగుతోంది. అప్పుడప్పుడూ ఆ అమ్మాయి స్నేహితులు, ఇలాంటి కంపెనీలు పెట్టుకునే పిల్లలు, ల్యాప్‌టాప్‌లతో నా దగ్గరికి వస్తారు. ఏఐ ఉంది, ఏమడిగినా చేసి పెడుతుంది, మీకు ఏమేం కావాలో చెప్పండి ఆంటీ అంటారు. నేను నేర్చుకున్నది ఒకటే. ఏమడిగినా చేసేది చేతిలో ఉన్నప్పుడు, ఏది అడగాలో మనకే తెలిసుండాలి. అది తెలియాలంటే ఎవరి కోసం చేస్తున్నామో ఆ మనిషి పక్కన, వాళ్లు ఎటూ తోచక నిలబడ్డ చోట నిలబడాలి. అందుకని వాళ్లకి జాబితా చెప్పను. నాలుగు రోజులు ఈ గట్టు మీద కూర్చోండి బాబూ, అన్నం నేను వండి పెడతాను అంటాను. సరేనంటారు. ఒక గ్లాసు బియ్యం ఎక్కువ పోస్తాను. ఇంతవరకు నాలుగో రోజు దాకా ఉన్నవాళ్లు లేరు.